మ్యాట్ మీద ఆగిన చెయ్యి బయట ఎందుకు ఆగదు?

నెల్లూరు, ఒంగోలు వైపు కాలేజీల మధ్య కబడ్డీ జరిగేటప్పుడు కూతకెళ్లిన కుర్రాడిని కాస్త గమనించి చూడండి. వయసు పంతొమ్మిదో ఇరవయ్యో ఉంటుంది. చేతిలో ఉన్నది 30 సెకన్లు, ఎదురుగా ఏడుగురు. గీత బయట నుంచి అవతలి కాలేజీ వాళ్లు నోటికొచ్చినట్టు అరుస్తుంటారు. కాలు పట్టినవాడు కావాలనే మెలితిప్పాడని అతనికి తెలుసు. అయినా చెయ్యి లేవదు. పళ్లు బిగబట్టి, మోచెయ్యి దులుపుకొని తన వైపుకి వచ్చేస్తాడు. తోక జాడిస్తే ఏమవుతుందో అతనికి బాగా తెలుసు. గ్రీన్ కార్డంటే హెచ్చరిక. ఎల్లో కార్డంటే 2 నిమిషాలు బయట. రెడ్ కార్డంటే ఇక ఆ మ్యాచ్ లేనట్టే.

అదే కుర్రాడు సాయంత్రం బస్టాండు దగ్గర టీ కొట్టు ముందు, అదే అవతలి టీమ్ కుర్రాడి మీద చెయ్యి చేసుకుంటాడు. చుట్టూ నలుగురు ఫ్రెండ్స్, ఒకడి చేతిలో ఫోన్, వీడియో ఆన్‌లో ఉంటుంది. "ఏందబ్బా, మాటంటే ఊరుకుంటావా?" అని వెనక నుంచి ఒకడు ఎగదోస్తాడు. దెబ్బ తిన్నవాడి పన్ను ఊడుతుంది. తర్వాతి కథ మన జిల్లాల్లో ఎవరికీ కొత్త కాదు. పెద్దమనుషులెవరో స్టేషన్‌కు ఫోన్ చేస్తారు. "వయసులో ఉండే పిల్లోడు, కాలేజీకి కప్పు తెచ్చినోడు, పోనీలే సార్" అంటారు. రాజీ అయిపోతుంది. ఒకవేళ వీడియో ఊరంతా తిరిగిందంటే వ్యవహారం పూర్తిగా తిరగబడుతుంది. టీసీ చేతిలో పెట్టి పంపేస్తారు. రెండిట్లో ఏది జరిగినా, "నువ్వు చేసిందేంటి, దాన్ని ఎలా సరిదిద్దుతావు?" అని ఆ కుర్రాడిని కూర్చోబెట్టి అడిగేవాళ్లు ఉండరు. నన్ను బాధపెట్టేది ఇదే.

మధ్యాహ్నం ఆగిన చెయ్యి సాయంత్రం ఎందుకు ఆగలేదు? ఈ ప్రశ్న మీద సైన్సు చాలా పని చేసింది. 2005లో మార్గో గార్డ్నర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ అనే అమెరికన్ సైకాలజిస్టులు 306 మందితో ఒక కారు వీడియో గేమ్ ఆడించారు. పసుపు లైటు పడ్డాక ఎంత దూరం వెళ్తే అన్ని పాయింట్లు, ఎర్ర లైటు పడేలోపు ఆగకపోతే గుద్దుకోవడమే. 13-16 ఏళ్లవాళ్లు, 18-22 ఏళ్లవాళ్లు, 24 దాటినవాళ్లు అని మూడు గుంపులు. పక్కన తోటివాళ్లు ఉన్నప్పుడు మొదటి రెండు గుంపులూ ఒంటరిగా ఆడినప్పటికంటే ఎక్కువ తెగించాయి. 24 దాటినవాళ్లలో పెద్దగా మార్పు లేదు. రాత్రిపూట మైపాడు బీచ్ రోడ్డు మీద ముగ్గురెక్కిన బండి, ఒక్కడే నడిపే బండి కంటే ఎందుకు వేగంగా పోతుందో ఈ ప్రయోగం చూస్తే అర్థమవుతుంది.

2016లో అలెగ్జాండ్రా కోహెన్ బృందం వేరే వైపు నుంచి చూసింది. ఏ క్షణాన్నయినా చెవులు చిల్లులు పడే శబ్దం వస్తుందన్న టెన్షన్‌లో పెట్టి, చేతిని ఆపుకోవాల్సిన పని ఇచ్చారు. మామూలుగా పెద్దవాళ్లలాగే చేసే 18-21 ఏళ్లవాళ్లు, ఆ టెన్షన్‌లో టీనేజ్ పిల్లల స్థాయికి జారిపోయారు. మామూలప్పుడు పెద్దవాళ్లు, వేడెక్కినప్పుడు పిల్లలు. నుదుటి వెనక ఉండి ఆవేశానికి పగ్గం వేసే మెదడు భాగం, ప్రీఫ్రంటల్ కార్టెక్స్, ఇరవైలు నడుస్తున్నంతకాలం ఇంకా కుదురుకుంటూనే ఉంటుంది. ఉద్వేగాన్నీ, గెలుపు కిక్కునీ అందించే లోపలి భాగాలు అంతకంటే ముందే జోరందుకుంటాయి. మెదడు సరిగ్గా 25 ఏళ్లకు పూర్తవుతుందని వాట్సాప్‌లో తిరిగే మాట మాత్రం నిజం కాదు. ఆ మార్పు మెల్లగా జరుగుతుంది, ఒక్కొక్కరిలో ఒక్కోలా.

"చూశారా, మెదడే ఎదగలేదు, వాడి తప్పేముంది" అని దీన్ని సాకుగా వాడుకునేవాళ్లు ఉన్నారు. ఆ వాదన నేను ఒప్పుకోను. మన దేశంతో కలిపి 11 దేశాల్లో, 10 నుంచి 30 ఏళ్ల మధ్యవాళ్లు 5 వేల మందికి పైగా పాల్గొన్న అధ్యయనం 2019లో వచ్చింది. తీరిగ్గా ఆలోచించి లెక్క వేసుకునే శక్తి 16 ఏళ్లకే పెద్దవాళ్లకు దగ్గరగా వచ్చేస్తుందని అందులో తేలింది. ఆలస్యంగా వచ్చేది ఆవేశాన్ని ఆపుకునే నిగ్రహమే. అంటే టీ కొట్టు దగ్గర క్షణంలో చెయ్యి లేవడం ఒక రకం తప్పు. వారం ముందే బెట్టింగ్ బుకీతో మాట్లాడుకోవడం, అమ్మాయి ఫోటో మార్ఫింగ్ చేసి గ్రూపులో పెట్టడం వేరే రకం. వాటికి వేడి నెత్తురు సాకు చెల్లదు. అమ్మాయిల మీద జరిగే నేరాలను "కుర్రతనం" అని కొట్టిపారేసే అలవాటు మనం ఎప్పుడో మానుకోవాల్సింది.

ఇక ఆవేశంలో చేసిన తప్పు. మ్యాట్ మీద ఆ కుర్రాడిని ఆపింది శిక్ష పెద్దదన్న భయం కాదు. 2 నిమిషాలు బయట కూర్చోవడం ఏమంత పెద్ద శిక్ష? కానీ అది తప్పకుండా పడుతుంది, అప్పటికప్పుడే పడుతుంది, కెప్టెన్‌కైనా కొత్తవాడికైనా ఒకటే. నేరాల మీద దశాబ్దాలుగా జరిగిన పరిశోధన చెప్పేదీ ఇదే: శిక్ష ఎంత కఠినమన్న దానికంటే, పట్టుబడటం ఎంత ఖాయమన్నదే మనిషిని ఎక్కువగా ఆపుతుంది. బస్టాండు దగ్గర ఆ ఖాయం లేదు. ఫోన్ చేసేవాళ్లు ఉన్నారని కుర్రాడికి ముందే తెలుసు. బాగా ఆడేవాడికైతే ఇంకా బాగా తెలుసు.

పెద్దల వాటా గురించి మాట్లాడితే నాకు పాకిస్తాన్ ఫాస్ట్ బౌలర్ మహమ్మద్ ఆమిర్ గుర్తొస్తాడు. 2010 ఆగస్టులో లార్డ్స్‌లో డబ్బు కోసం కావాలని నోబాల్స్ వేసినప్పుడు అతనికి 18 ఏళ్లు. ముందే అనుకుని చేసిన పని, ఆవేశం కాదు. కానీ ఆ మైదానంలో అతనికి కెప్టెన్ సల్మాన్ బట్, అదే కుట్రలో ఉన్నాడు. ఐసీసీ ఆమిర్‌ను 5 ఏళ్లు నిషేధించింది, బట్‌ను 10 ఏళ్లు, అందులో 5 ఏళ్లు మళ్లీ తప్పు చేస్తేనే అమలయ్యేలా. బ్రిటన్ కోర్టు ఇద్దరినీ జైలుకు పంపింది. ఆమిర్ శిక్ష అనుభవించి తిరిగొచ్చి, 2017 చాంపియన్స్ ట్రోఫీ ఫైనల్‌లో మన మీదే ఆడి రోహిత్, కోహ్లి, ధావన్ వికెట్లు తీశాడు. మనకు ఆ రోజు చేదుగానే ఉంది. అయినా తప్పు చేసిన కుర్రాడికి శిక్షా పడింది, ముగింపూ దొరికింది, దారి చూపాల్సిన పెద్దవాడికి ఎక్కువ పడింది. ఆ తూకం సరైనదని నా నమ్మకం.

రాజీకి తల్లిదండ్రులు తొందరపడేది ఎక్కువగా స్పోర్ట్స్ కోటా ఉద్యోగం, పోలీస్ వెరిఫికేషన్ భయంతోనే. ఆ భయం అబద్ధం కాదు. అయితే 2011లో ఢిల్లీ పోలీసు ఉద్యోగానికి ఎంపికైన సందీప్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఏమందో వాళ్లకు తెలియాలి. ఇరవై ఏళ్ల వయసులో జరిగిన గొడవ, రాజీ అయి కొట్టేసిన కేసు. దాన్ని ఫారంలో రాయలేదని ఉద్యోగం ఆపితే, ఆ వయసులో పొరపాట్లు జరుగుతాయని, జీవితాంతం నేరస్థుడన్న ముద్ర వేయకుండా మనిషిని బాగుచేయడమే నేటి పద్ధతి కావాలని కోర్టు అతని పక్షాన నిలిచింది. అలాగని దాచిపెట్టడం క్షేమం కాదు. ఫారంలో ఉన్నది ఉన్నట్టు రాసి, జరిగిందేమిటో చెప్పుకోగలగాలి.

కాలేజీ చేయగలిగింది చాలా ఉంది. సీజన్ మొదట్లో, అందరి మనసూ చల్లగా ఉన్నప్పుడే పీడీ (ఆటలు నేర్పే) సార్ టీమ్‌ను కూర్చోబెట్టి బయటి గొడవలకు కూడా కార్డుల్లాంటి లెక్క రాయించాలి: చెయ్యి చేసుకుంటే ఎన్ని మ్యాచ్‌లు పోతాయి, వీడియో తీస్తూ ఎగదోసినవాడికి ఏం పడుతుంది. వాళ్ల చేతే రాయించి సంతకాలు పెట్టించాలి. మ్యాచ్ అయ్యాక రెండు టీమ్‌లనూ ఒకే టైముకు బస్టాండుకు వదలకూడదు. గొడవ జరిగితే విచారణ వారంలో ముగియాలి, ముందుగా దెబ్బ తిన్న కుర్రాడి మాట వినాలి. ఆ పన్ను కట్టించే ఖర్చులో కొంతైనా కొట్టినవాడు తన చేతులతో సంపాదించి ఇవ్వాలి, వాళ్ల నాన్న జేబులోంచి కాదు.