సూపర్‌హీరో సినిమాలో పాత పాట: అపోహలు - వాస్తవాలు

నేను సినిమాలకు మ్యూజిక్ ఎడిటింగ్ చేస్తాను. కొత్తగా చేసిన సంగీతాన్నీ, ఎప్పుడో రికార్డయిన పాటలనూ దృశ్యానికి అతికేలా కోసి కుట్టడం మా పని. 2014లో పాత పాటలతో నిండిన హాలీవుడ్ సూపర్‌హీరో సినిమా "గార్డియన్స్ ఆఫ్ ది గెలాక్సీ" వచ్చినప్పటి నుంచి "అలాంటి పాత పాట ఒకటి పెడదాం" అనే దర్శకులు పెరిగారు. కోరిక మంచిదే. ఆ పని ఎలా జరుగుతుందన్న విషయంలోనే అపోహలు ఎక్కువ.

అపోహ: షూటింగ్ అయ్యాక, దృశ్యం చప్పగా ఉన్నచోట హిట్ పాట వేస్తే చాలు.

వాస్తవం: ఆ సినిమా పాటలు స్క్రిప్టులోనే ఉన్నాయి. దర్శకుడు జేమ్స్ గన్ వాటిని రాసే దశలోనే ఎంచుకున్నారు. 1988లో తల్లి క్యాన్సర్‌తో కన్నుమూసిన రాత్రే పీటర్ క్విల్ అనే పిల్లవాడిని గ్రహాంతరవాసులు ఎత్తుకుపోతారు. అతనికి మిగిలినవి ఒక వాక్‌మన్, తల్లి తనకు ఇష్టమైన పాటలతో నింపి ఇచ్చిన క్యాసెట్. ఆసుపత్రిలో హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్న ఆ పిల్లవాడు వింటున్నది 10సీసీ బృందం 1975లో చేసిన "ఐయామ్ నాట్ ఇన్ లవ్". అక్కడి నుంచి ఆ క్యాసెట్ ఏ గ్రహం మీద మోగినా మనకు గుర్తొచ్చేది తల్లే. జైల్లో కాపలావాడు ఆ వాక్‌మన్ లాక్కుని వింటుంటే క్విల్ ఎందుకు తెగబడతాడో ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. పాట ఒక మనిషి సొత్తు కావాలి. అది కథలో లేకపోతే ఎడిటింగ్ గదిలో నేను తెచ్చి పెట్టలేను.

అపోహ: ప్రేక్షకులకు ముందే తెలిసిన పాటే పని చేస్తుంది.

వాస్తవం: ఆ సినిమా ఆల్బమ్ 2014 ఆగస్టులో అమెరికాలో ఆల్బమ్‌ల ఆదరణను లెక్కగట్టే బిల్‌బోర్డ్ 200 పట్టికలో మొదటి స్థానం అందుకుంది. అన్నీ ముందే విడుదలైన పాటలతో ఆ స్థానానికి చేరిన తొలి సినిమా ఆల్బమ్ అదే. "కమ్ అండ్ గెట్ యువర్ లవ్" పాడింది రెడ్‌బోన్ బృందమనీ, అది 1974లో మారుమోగిందనీ నాకూ సినిమా చూశాకే తెలిసింది. అంటే పాట ముందే తెలిసి ఉండనక్కర్లేదు.

అపోహ: డబ్బు కట్టి పాట తెచ్చుకుంటే ఇక అతికించడమే.

వాస్తవం: నా రోజులన్నీ గడిచేది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. పెద్దవాడైన క్విల్ నిర్మానుష్యమైన గ్రహం మీద మీట నొక్కి, ఎలుకలాంటి ఒక జంతువును మైకులా పట్టుకుని ఆ రెడ్‌బోన్ పాటకు చిందేస్తాడు. ఇలాంటిచోట పాటను ఎవరి చెవితో వింటున్నామన్నది ముందు తేల్చుకోవాలి. హెడ్‌ఫోన్ల నుంచి బయటికి చిందే పాటైతే బాస్ (మంద్ర ధ్వని) తీసేసి, సన్నగా, తెర వెనుక మధ్య స్పీకరుకే పరిమితం చేస్తాం. పాత్ర చెవిలోకి దూరాలంటే అదే పాటను హాలంతా పరుస్తాం. ఆ మార్పు తాళం మీదే పడాలి.

పైగా ఆ కాలపు పాటల్లో చాలా వాటిని క్లిక్ (వాయించేవాళ్ల చెవిలో లయ కోసం సమంగా మోగే టిక్కు టిక్కు శబ్దం) లేకుండా వాయించారు. లయ ఊపిరిలా కాస్త పెరుగుతుంది, కాస్త తగ్గుతుంది. టేపు వేగంలో తేడా ఉంటే శ్రుతి కూడా కాస్త పక్కకు జరుగుతుంది. పక్కనే కొత్త వయొలిన్లు మోగితే రెండూ గొడవపడతాయి. ఒకసారి 40 సెకన్ల దృశ్యానికి ఒక పాత పల్లవిని సరిపెట్టడానికి నాకు రెండు రోజులు పట్టింది. చరణానికి ముందున్న వేణువును కోస్తే గాయని తీసుకున్న ఊపిరి కూడా తెగిపోతోంది. ఆ ఊపిరిని ఉంచి, వేణువు తోకను దాని కింద మెల్లగా కరిగించాను. ఊపిరి లేని గొంతు నాకు గొంతులా వినిపించదు.

అపోహ: పాత పాటకు హక్కులుండవు, 30 సెకన్లలోపైతే అనుమతి అక్కర్లేదు.

వాస్తవం: 30 సెకన్ల మినహాయింపు మన చట్టంలో లేదు. అనుమతులు రెండు: బాణీకి, సాహిత్యానికి ఒకటి, రికార్డింగుకు మరొకటి. "హుక్డ్ ఆన్ ఎ ఫీలింగ్"ను మొదట 1968లో బి.జె. థామస్ పాడారు. సినిమాలో వినిపించేది స్వీడన్ బృందం బ్లూ స్వీడ్ రికార్డింగ్. పాట ఒకటే అయినా రికార్డింగు హక్కు వేరు. మన దేశంలో రికార్డింగుకు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు, బాణీకి స్వరకర్త మరణించిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు రక్షణ ఉంటుంది. ఘంటసాల 1974లో కన్నుమూశారు. ఆయన 1950లలో చేసిన పాటల రికార్డింగుల గడువు తీరినా, బాణీలకు 2034 చివరి దాకా హక్కు ఉంటుంది.

అపోహ: పాత పాటలుంటే సంగీత దర్శకుడికి పని తగ్గుతుంది.

వాస్తవం: ఆ సినిమాకు టైలర్ బేట్స్ కొంత సంగీతాన్ని షూటింగ్‌కు ముందే సమకూర్చారు. నటులు వింటూ నటించేందుకు దాన్ని సెట్లో మోగించారు. పాటలకు చోటు వదులుతూనే వాటి మధ్య కథను మోయాలి కాబట్టి రీరికార్డింగ్ ఇంకా కష్టం. తల్లి చివరిగా ఇచ్చిన కానుక పొట్లాన్ని క్విల్ అన్నేళ్లూ విప్పడు. సినిమా చివర ఆమె ఉత్తరం చదివి పొట్లం విప్పితే అందులో రెండో క్యాసెట్ ఉంటుంది. దాన్ని పెట్టి మీట నొక్కగానే మార్విన్ గే, టామీ టెరెల్ గొంతులు 1967 నుంచి లేచి వస్తాయి.