పొగా, ఆవిరా, పొగమంచా?

తిరుపతి లీలామహల్ సర్కిల్ దగ్గర నేను పొద్దున టీ తాగే అంగట్లో ఒక ప్లంబరు మేస్త్రి పరిచయం. రోజుకు కట్ట బీడీలు ఖాళీ చేస్తాడు. పోయిన వారం నన్ను పట్టుకుని అడిగాడు. "సార్, మీరు సైన్సు రాస్తారు గదా, ఒక డౌటు. మా బామ్మర్ది బెంగుళూరు నుంచి పెన్ను మాదిరి ఒకటి తెచ్చినాడు. పీలిస్తే మామిడిపండు వాసన. అది బీడీ కన్నా డేంజరంట గదా? లేకపోతే గవర్నమెంటు దాన్ని బ్యాన్ చేసి బీడీని ఎందుకు వదిలేస్తాది?"

వాదన ఎంత గట్టిగా ఉందో చూడండి. ఆ పెన్ను పేరు వేప్, దాన్నే ఈ-సిగరెట్టు అని కూడా అంటారు. ఎక్కువ చెడ్డదాన్నే నిషేధిస్తారు, వేప్‌ను నిషేధించారు, కాబట్టి వేప్ ఎక్కువ చెడ్డది. ఇదే అంగట్లో యూనివర్సిటీ కుర్రవాళ్ళు కూర్చుంటారు. వాళ్ళది పూర్తిగా తలకిందుల మాట. "అది పొగ కాదంకుల్, ఉత్త ఆవిరి." నాకైతే వీళ్ళిద్దర్నీ దారి తప్పించింది మన భాషలోని రెండు మాటలేనని అనిపించింది. ఒకరు దాన్ని పొగ అనుకుని సిగరెట్టు పక్కన కూర్చోబెట్టారు. ఇంకొకరు ఆవిరి అనుకుని, జలుబు చేస్తే దుప్పటి కప్పుకుని పసుపు నీళ్ళతో పట్టే ఆవిరి పక్కన కూర్చోబెట్టారు.

అసలు ఆవిరి కంటికి కనపడదు. బడిలో మా అయ్యవారు మరుగుతున్న గిన్నె మీద తెల్లగా లేచేదాన్ని చూపించి "ఇదే ఆవిరి" అన్నాడు. ఇప్పటికీ చాలా బళ్ళలో అదే చెబుతున్నారు. తెల్లగా కనిపించేది ఆవిరి చల్లబడి మళ్ళీ నీటి బిందువులైన తర్వాతి సంగతి. మార్గశిరంలో తెల్లవారుజామున తిరుమల ఘాట్ రోడ్డులో బస్సు అద్దాల్ని కప్పేసేది కూడా బిందువులే. దానికి మనవాళ్ళు పెట్టిన పేరు పొగమంచు. వేప్ నుంచి వచ్చేదానికి ఇంతకంటే సరైన పేరు నాకు దొరకలేదు. కాకపోతే ఇందులో ఉండేది నీళ్ళు కాదు. ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్ అనే రెండు ద్రవాలు, పొగాకులో ఉండే నికొటిన్, వాసన కోసం కలిపిన రసాయనాలు.

పొగకూ ఈ పొగమంచుకూ తేడా ఎక్కడుందో చిత్తూరు వైపు బెల్లం వండడం చూసినవాళ్ళకు సులువుగా చెప్పవచ్చు. అక్కడ ఒకే పొయ్యి మీద రెండూ ఉంటాయి. కింద ఎండిన చెరకు పిప్పి మండుతుంది, గొట్టంలోంచి పొగ పోతుంది. పైన పెనంలో రసం మరుగుతుంది, దాని మీద తెల్లటి మబ్బు లేస్తుంది. రెండూ చెరకు నుంచి వచ్చినవే, దూరం నుంచి రెండూ ఒకేలా కనిపిస్తాయి. పెనం పక్కన నిలబడి గంటలకొద్దీ రసం కలియబెట్టే మనిషి ఆ గొట్టం దగ్గర నిమిషం కూడా ఉండలేడు.

సిగరెట్టు, బీడీ ఈ పొయ్యి లాంటివి. దమ్ము లాగినప్పుడు సిగరెట్టు కొసన వేడి 900 డిగ్రీల దాకా పోతుంది. దాని వెనకే ఆక్సిజన్ సరిపడా అందని ఒక పొర ఉంటుంది. అక్కడ ఆకు పూర్తిగా మండదు, ముక్కలుగా విరిగిపోతుంది. పొగలో 7000కు పైగా రసాయనాలు, వాటిలో క్యాన్సర్ తెచ్చేవి సుమారు 70 ఉన్నాయంటే చాలా భాగం ఇలా పుట్టినవే. కార్బన్ మోనాక్సైడు కూడా మంట నుంచే వస్తుంది.

వేప్ ఆ పెనం లాంటిది. దూదిలో నానిన ద్రవాన్ని చిన్న తీగచుట్ట వేడి చేస్తుంది. ప్రొపిలీన్ గ్లైకాల్ 188 డిగ్రీల దగ్గర, గ్లిజరిన్ 290 దగ్గర మరుగుతాయి. పెనంలో నీళ్ళున్నంతసేపు మంట ఎంత పెంచినా రసం వేడి 100 దగ్గరే ఆగినట్టు, దూది తడిగా ఉన్నంతసేపు తీగ వేడి కూడా అదుపులో ఉంటుంది. వేడంతా మరగడానికే ఖర్చవుతుంది. నీళ్ళు ఇంకిపోయాక బెల్లం వండేవాడు ఏమరుపాటుగా ఉంటే ఏమవుతుంది? అడుగంటుతుంది. దూది ఆరినా అంతే. తీగ వేడి ఒక్కసారిగా ఎగబాకుతుంది. గ్లిజరిన్ అణువు రెండు నీటి అణువుల్ని పోగొట్టుకుని ఆక్రోలీన్ అవుతుంది, పక్కనే క్యాన్సర్ తెచ్చే ఫార్మాల్డిహైడు తయారవుతుంది. ఆక్రోలీన్ మనకు కొత్తదేమీ కాదు. బాణలిలో నూనె మాడితే కళ్ళు మండించే ఘాటు అదే, ఎందుకంటే ప్రతి నూనె అణువుకూ వెన్నెముక గ్లిజరినే.

కాబట్టి వేప్‌లో మాడడం పొరపాటున జరుగుతుంది. బీడీ మాత్రం మాడితేనే బీడీ.

అలాగని పెనం మీది మబ్బు తీర్థమేమీ కాదు. తీగ నుంచి నికెల్, క్రోమియం లాంటి లోహాలు కొద్దికొద్దిగా ద్రవంలోకి దిగుతాయి. మామిడి వాసన రసాయనం తినడానికి పనికొచ్చినంత మాత్రాన పీల్చడానికీ పనికొస్తుందని కాదు, కడుపుకున్న గోడ వేరు, ఊపిరితిత్తులకున్న పొర వేరు. పైగా ఇప్పుడు వాడే రకం ఈ-సిగరెట్టును చైనాలో ఫార్మసిస్టు హాన్ లిక్ తయారుచేసింది 2003లో. సిగరెట్టు తెచ్చే ఊపిరితిత్తుల క్యాన్సర్ బయటపడడానికి ఇరవై ముప్పై ఏళ్ళు పడుతుంది. 2015లో ఇంగ్లండ్ ప్రజారోగ్య సంస్థ వేప్ సిగరెట్టు కన్నా 95 శాతం తక్కువ హానికరం అంది. ఆ అంకెను అందరూ థర్మామీటరు రీడింగులా వల్లిస్తారు. దాని మూలం నిపుణులు కూర్చుని వేసిన అంచనా. చాలా తక్కువ అనేవరకు నేను ఒప్పుకుంటాను, 95 అనే కచ్చితత్వాన్ని ఒప్పుకోను.

విచిత్రం ఏమిటంటే, ఆ మాట చెప్పిన ఇంగ్లండులోనే పొగతాగేవాళ్ళ నమ్మకం ఎదురు దిక్కుకు నడిచింది. వేప్ తక్కువ హానికరం అనేవాళ్ళు 2014లో సుమారు 44 శాతం ఉండగా, 2023 నాటికి 27 శాతానికి పడిపోయారు. మధ్యలో 2019 వచ్చింది. అమెరికాలో వేప్ పీల్చినవాళ్ళ ఊపిరితిత్తులు ఉన్నట్టుండి దెబ్బతిన్నాయి, 2020 ఫిబ్రవరికి 68 మంది చనిపోయారు. గట్టిగా దొరికిన ముద్దాయి విటమిన్ ఇ అసిటేట్. గంజాయి మత్తు పదార్థం కలిపిన ద్రవాల్ని చిక్కగా చేయడానికి దొంగచాటుగా కలిపిన నూనె అది. మనుషుల మనసులో నాటుకున్నది మాత్రం "వేప్ చంపుతుంది" అనే ముక్క.

ప్రమాదాన్ని మనం ఎలా అంచనా వేస్తామో పరిశోధించిన పాల్ స్లోవిక్ 1987లో రెండు కొలతలు చెప్పాడు. ఒకటి ఎంత భయంకరంగా తోస్తుంది, రెండోది ఎంత కొత్త. 2023లో అలిపిరి నడకదారిలో చిరుత దాడి తర్వాత భక్తులకు చేతికర్రలు ఇచ్చారు. భయం న్యాయమైనదే. కానీ ఆ కర్ర పట్టుకుని బిక్కుబిక్కుమంటూ కొండెక్కిన మనిషే, కిందికొచ్చి హెల్మెట్ లేకుండా ముగ్గురెక్కిన బండి మీద రేణిగుంట పోతాడు. బీడీ మనకు ఆ బండి లాంటిది. తాత తాగాడు, నాన్న తాగాడు, దానికి భయపడడం మరిచిపోయాం. అన్నట్టు, దిష్టి పోతుందని గదినిండా వేసే సాంబ్రాణి కూడా మంట నుంచి పుట్టిన పొగే. ఊపిరితిత్తులకు భక్తి తెలియదు.

ఇక మేస్త్రి గవర్నమెంటు ప్రశ్న. ఈ-సిగరెట్ల మీద 2019 సెప్టెంబరులో ఆర్డినెన్సు, డిసెంబరులో చట్టం వచ్చాయి. తయారీ, దిగుమతి, అమ్మకం, ప్రకటన అన్నీ నేరం. మొదటిసారికి ఏడాది దాకా జైలు లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. చట్టం చేసినవాళ్ళను భయపెట్టింది పొగ ఎరగని పిల్లలు దీంతో మొదలుపెట్టడం. ఇరవై ఏళ్ళుగా కాలుస్తున్నవాడికి ఏది తక్కువ చెడు అనే లెక్కతో ఆ చట్టానికి పనిలేదు. బీడీని ఈ రోజు కొత్తగా కనిపెట్టి పర్మిషన్‌కు పెడితే ఒక్క సంతకం కూడా పడేది కాదని నా అభిప్రాయం.

ఇదంతా చెబితే మేస్త్రి, "అయితే సగం బీడీ, సగం అది తాగితే సగం సేఫ్ గదా" అన్నాడు. ఇది ఇంకా పెద్ద పొరపాటు. గుండె జబ్బు విషయంలో ప్రమాదం సిగరెట్ల లెక్కన సమంగా పెరగదు. రోజుకు ఒక్క సిగరెట్టు తాగేవాడికి అదనంగా వచ్చే ప్రమాదం, 20 తాగేవాడికి వచ్చేదానిలో ఇంచుమించు సగం ఉంటుంది. ఈ ప్రమాదాన్ని గ్రాఫుగా గీస్తే గీత మొదట్లోనే నిటారుగా ఎక్కి తర్వాత వాలుతుంది. అంటే ఇరవై నుంచి పదికి దిగినా ఇంకా మిట్ట మీదే ఉన్నట్టు.

దాన్ని అమ్మడమే నేరం కాబట్టి బామ్మర్ది పెన్ను సంగతి వదిలేయమన్నాను. మానాలనుంటే మందుల షాపులో నికొటిన్ గమ్ దొరుకుతుంది, సలహా కావాలంటే 1800-11-2356కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. "నికొటిన్ అంటే క్యాన్సర్ గదా సార్" అన్నాడు. నికొటిన్ బానిసను చేస్తుంది, గుండె దడ పెంచుతుంది, క్యాన్సర్ తెచ్చేది ప్రధానంగా పొగలోని మిగతా సరుకు. గమ్ మాత్రం వక్కాకులా నమిలి మింగితే ఎక్కిళ్ళు, కడుపులో మంట. మెల్లగా నమిలి, చురుక్కుమనగానే బుగ్గన పెట్టుకోవాలి.

"బుగ్గన పెట్టుకునేది మాయమ్మ కాడ నేర్చుకుంటాలే సార్" అని నవ్వాడు. "ఆమె పొగ తాగదు. పొగాకు ముక్క మాత్రం రాత్రి పగలు బుగ్గలోనే ఉంటాది."

ఆమె నోట్లో ఎక్కడన్నా తెల్లమచ్చ ఉందేమో ఎప్పుడైనా చూశావా, అది క్యాన్సర్‌కు తొలి గుర్తు కావచ్చు అని అడిగాను. చూళ్ళేదన్నాడు.