క్రోనాలన్నీ ఒక్కటి కావు

స్వీడన్‌లోని మాల్మోలో రైలెక్కి వంతెన దాటితే గంటలోపే కోపెన్‌హాగన్‌. ఇటు క్రోనా, అటు క్రోనే. నార్వేలోనూ క్రోనేయే, ఐస్‌లాండ్‌లో క్రోనా, చెక్ దేశంలో కొరునా. అన్నిటికీ అర్థం కిరీటమే. విలువలు మాత్రం కలవవు. ఒక యూరోకు డెన్మార్క్‌వి 7.46 వస్తాయి, స్వీడన్‌వి సుమారు 11, చెక్‌వి 25 దాకా. మన దగ్గర నిజాం హాలీ సిక్కా, బ్రిటిష్ ఇండియా నాణెం రెండూ రూపాయలే. అయినా 7 హాలీ రూపాయలు ఇస్తే గానీ 6 బ్రిటిష్ రూపాయలు వచ్చేవి కావు.

రాజులున్న దేశాలు కాబట్టి కిరీటం పేరు పెట్టుకున్నారని సరిపెట్టుకోవడానికి వీల్లేదు. ఐస్‌లాండ్‌లో, చెక్‌లో ఇప్పుడు రాజు లేడు. ఆ పేరు వెనక ఒకచోట తెగిపోయిన ఒప్పందం, ఇంకోచోట కూలిపోయిన సామ్రాజ్యం ఉన్నాయి.

ఒప్పందం 1873 నాటిది. అంతకుముందు స్కాండినేవియాలో వెండి డాలర్లు నడిచేవి. నార్వే డాలర్ ఒకటి ఇస్తే డెన్మార్క్‌వి రెండు, స్వీడన్‌వి నాలుగు వచ్చేవి. జర్మనీ వెండిని వదిలి బంగారం వైపు మళ్లడంతో వీళ్లూ కదిలారు. స్వీడన్, డెన్మార్క్ కిలో బంగారానికి 2,480 క్రోనాలని ఖరారు చేశాయి. 1875లో నార్వే చేరింది. ఇక ఒకరి నాణెం మరొకరి దుకాణంలో అదే విలువకు చెల్లింది. 1905లో నార్వే స్వీడన్ నుంచి విడిపోయినా ఈ ఒప్పందం నిలబడింది!

దాన్ని దెబ్బతీసింది మొదటి ప్రపంచ యుద్ధం. 1914లో నోట్లకు బంగారం ఇవ్వడం ఆపేశారు. తర్వాత స్వీడన్ క్రోనా మిగతా రెంటికన్నా బలపడింది. కానీ ఒప్పందం ప్రకారం పొరుగువారి బంగారు నాణేలను స్వీడన్ సమాన విలువకే తీసుకోవాలి. దాంతో ఆ నాణేలు అక్కడికి పోటెత్తాయి. 1924కల్లా చిల్లర నాణేల మారకం కూడా ఆగిపోయింది. పేరు మాత్రం ఎవరూ మార్చుకోలేదు.

రెండో కిరీటం ఆస్ట్రియా-హంగరీది. 1892లో వచ్చిన ఆ క్రోన్ 1918లో సామ్రాజ్యంతో పాటే చీలింది. నన్ను ఎక్కువగా కదిలించేది ఆ తర్వాతి ఘట్టం. కొత్త దేశం చెకోస్లోవాకియా చేతిలో సొంత నోట్లు లేవు. 1919 మార్చిలో ఆర్థిక మంత్రి అలోయిస్ రాషిన్ సరిహద్దులు మూయించి, జనం దగ్గరున్న పాత నోట్ల మీద స్టాంపులు అంటింపించాడు. స్టాంపు పడితేనే అది ఈ దేశపు డబ్బు. ప్రజలు తెచ్చిన దాంట్లో కొంత భాగాన్ని ప్రభుత్వం బలవంతపు అప్పుగా ఉంచేసుకుంది కూడా. ఒక దేశం పుట్టుక సామాన్యుడి చేతిలోని కాగితం మీద ఇంత సూటిగా కనిపించిన సందర్భాలు అరుదు.

ఆస్ట్రియాలో ధరలు మండిపోయి, 1925లో 10,000 క్రోన్లకు ఒక షిల్లింగ్ ఇచ్చి పాత డబ్బును వదిలించుకున్నారు. హంగరీ 1927లో పెంగోకు మారింది. చెకోస్లోవాకియా 1993 జనవరి 1న రెండైంది. ఉమ్మడి కొరునా ఆరు వారాలైనా నిలవలేదు. ఫిబ్రవరి 8న విడదీశారు, మళ్లీ పాత నోట్ల మీద స్టాంపులు అంటించే. 2009లో స్లొవాకియా యూరోకు వెళ్లిపోయింది. ఆ సామ్రాజ్యపు కిరీటం పేరుతో నేటికీ చలామణిలో ఉన్నది చెక్ కొరునా ఒక్కటే.