20 మిల్లీగ్రాములతోనే ఎందుకు మొదలుపెట్టారు?

గుణుపురం నుంచి ఒకాయన అడిగారు: "మా మావయ్యకి సీఎల్ఎల్ అనే రక్త క్యాన్సర్. విశాఖపట్నం తీసుకెళ్తే వెనెటోక్లాక్స్ బిళ్లలు రాశారు. పూర్తి డోసు రోజుకి 400 మిల్లీగ్రాములట. కానీ 20తో మొదలుపెట్టి వారం వారం పెంచుతామన్నారు. జబ్బు ముదురుతుంటే ఈ నత్తనడక ఏంటండీ? ఖరీదైన మందని పొదుపు చేస్తున్నారా?"

కాదండీ. మందు పనిచెయ్యదేమోనని కాదు, ఒక్కసారిగా మరీ ఎక్కువ పనిచేస్తుందేమోనని వాళ్ల భయం.

మన ఒంట్లో రోజూ వేల కోట్ల కణాలు తమంతట తామే చచ్చిపోతుంటాయి. ఇది జబ్బు కాదు, ఏర్పాటు. గర్భంలో బిడ్డ చెయ్యి మొదట పలకగా ఉంటుంది. మధ్యలోని కణాలు చనిపోతేనే వేళ్లు విడివడతాయి. బాతు కాలిలో గ్రెమ్లిన్ అనే ప్రొటీన్ ఆ చావుకి అడ్డుపడుతుంది కాబట్టి పొర మిగిలిపోతుంది. మా పర్లాకిమిడి వైపు వేళ్లు అతుక్కుని పుట్టిన బిడ్డను చూస్తే, గ్రహణం రోజు తల్లి కదిలిందని ఇప్పటికీ ఆవిణ్ణే ఆడిపోసుకుంటారు. చావాల్సిన కణాలు చావలేదు, అంతే. చంద్రుడికీ దానికీ ఏ సంబంధమూ లేదు, ఆ తల్లికి అసలే లేదు.

క్లాసులో మైటోకాండ్రియా అనగానే ఒడియా మీడియం పిల్లలైనా, ఇంగ్లిష్ మీడియం పిల్లలైనా శక్తి తయారయ్యే చోటని ఠక్కున చెప్పేస్తారు. మార్కు పడుతుంది, పాఠం అయిపోతుంది. కణం ఉండాలో పోవాలో తేలేది కూడా చాలాసార్లు అక్కడేనని చెప్పే ఓపిక మా మాస్టర్లకి ఉండదు.

మైటోకాండ్రియాను చెరువనుకోండి. అందులో నీరు సైటోక్రోమ్-సి అనే ప్రొటీన్. కణం ఊపిరికి అది కావాలి, లోపల ఉన్నంతసేపూ మేలే. అదే నీరు కోతకొచ్చిన చేలోకి వదిలితే పంట గోవిందా. తూము బ్యాక్స్ అనే ప్రొటీన్. కణంలో డీఎన్ఏ బాగా చెడినప్పుడు 'తూము ఎత్తండి' అని కబురు మోసుకొచ్చేవాళ్లు బిమ్, ప్యూమా అనే ప్రొటీన్లు. గట్టు మీద కావలివాడు బీసీఎల్-2 అనే ఇంకో ప్రొటీన్. ఈ కావలివాడికి ఒకటే చెయ్యి. ఆ చేత్తో కబురు తెచ్చినవాణ్ణి పట్టుకుంటాడు, లేదా తూమునే అదిమిపెడతాడు. కబుర్లు ఎక్కువై చేతులు చాలకపోతే తూము తెరుచుకుంటుంది. పోలిక ఒక్కచోట కుదరదు: ఈ తూము ముందే కట్టి ఉండదు. కబురు అందాకే బ్యాక్స్ అణువులు గుంపుగా చేరి చెరువుకి బెజ్జం పెడతాయి.

సీఎల్ఎల్‌లో కావలివాళ్లు మరీ ఎక్కువైపోతారు. సుమారు సగం మంది రోగుల్లో 13వ క్రోమోజోమ్‌లో ఒక ముక్క ఊడిపోయి ఉంటుంది. బీసీఎల్-2ను అదుపులో ఉంచే రెండు చిన్న ఆర్ఎన్ఏలు ఆ ముక్కలోనే ఉంటాయి. ఫాలిక్యులర్ లింఫోమా అనే ఇంకో రక్త క్యాన్సర్లో దారి వేరు: 14, 18 క్రోమోజోములు ముక్కలు మార్చుకుంటాయి. బీసీఎల్-2 మొదట దొరికింది అక్కడే. అది కణాల్ని పెంచదు, చావనివ్వదు అని 1988లో డేవిడ్ వాక్స్ బృందం చూపించింది. అప్పటిదాకా క్యాన్సరంటే కణాలు అతిగా పెరగడమేనన్న ఆలోచనే ఎక్కువ.

వెనెటోక్లాక్స్ కబురు తెచ్చేవాడి వేషం వేసుకొచ్చి కావలివాడి చేతిలో పడుతుంది. ఆ చెయ్యి నిండిపోవడంతో పట్టుబడి ఉన్న అసలు మనుషులు బయటపడతారు. తూము లేస్తుంది. బయటికొచ్చిన సైటోక్రోమ్-సి ఎపాఫ్-1 అనే ప్రొటీన్ను తాకితే ఏడు ఎపాఫ్‌లు చక్రంగా కూడతాయి. ఆ చక్రం కాస్పేజ్-9 అనే కోత ఎంజైమును, అది కాస్పేజ్-3ను లేపుతుంది. కాస్పేజ్-3 వందల ప్రొటీన్లను కోస్తుంది, డీఎన్ఏను తరిగే ఎంజైమును వదులుతుంది. ఈ వరసలో సైటోక్రోమ్-సి పాత్రను 1996లో షియావ్‌డాంగ్ వాంగ్ బృందం పట్టుకుంది.

ఇప్పుడు డోసు సంగతి. సీఎల్ఎల్ కణాల్లో కావలివాళ్ల చేతుల్లో బిమ్‌లు ముందే కిక్కిరిసి ఉంటాయి. మందు అందిందంటే గంటల్లో కోట్లాది కణాలు ఒకేసారి కూలతాయి. మామూలుగా చచ్చిన కణాన్ని భక్షక కణాలు చప్పుడు లేకుండా మింగేస్తాయి, ఇన్నింటిని మింగలేవు. పొటాషియం, ఫాస్ఫేటు రక్తంలోకి పొంగుతాయి, యూరిక్ ఆమ్లం పెరుగుతుంది. కిడ్నీ చెడచ్చు, గుండె లయ తప్పచ్చు. అందుకే 20, 50, 100, 200, 400 అని అయిదు వారాల మెట్లు. నీళ్లు బాగా తాగమనేదీ, మాటిమాటికీ రక్తపరీక్ష చేసేదీ అందుకే. దూరమని ఆ పరీక్షలు ఎగ్గొట్టకండి. ఇంకో ప్రమాదం: తామరకని మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే ఇట్రాకొనజోల్. అది లివర్లో వెనెటోక్లాక్స్ విరిగిపోవడాన్ని అడ్డుకుంటుంది. మింగింది 20 అయినా రక్తంలో మందు కొన్ని రెట్లు పెరుగుతుంది.

వెనెటోక్లాక్స్ కంటే ముందు తయారైన నావిటోక్లాక్స్ అనే మందు బీసీఎల్-ఎక్స్ఎల్ అనే ఇంకో కావలివాణ్ణి కూడా పట్టుకునేది. ప్లేట్‌లెట్లు బతికేది అతని దయ వల్ల. దాంతో ప్లేట్‌లెట్లు పడిపోయాయి. బీసీఎల్-2నే ఎంచి పట్టేలా మార్చి కట్టిన అణువే వెనెటోక్లాక్స్. అమెరికాలో 2016లో అనుమతి వచ్చింది. క్యాన్సరూ ఊరుకోదు. కొందరిలో బీసీఎల్-2లో 101వ అమైనో ఆమ్లం మారి మందు పట్టు సడలుతుంది, కొందరిలో ఎంసీఎల్-1 అనే కావలివాడు పెరుగుతాడు.

చావును ఆపే విద్య సూక్ష్మజీవులకీ తెలుసు. క్షయ క్రిమిని మింగిన భక్షక కణం తాను చచ్చి దాని ఆట కట్టించాలని చూస్తుంది, క్రిమి ఆ చావును అడ్డుకుంటుంది. ఎన్‌యూఓజీ అనే జన్యువును క్రిమిలోంచి తీసేస్తే ఆ అడ్డు బలహీనపడి, ఎలుకల్లో క్రిమి ధాటి తగ్గిందని 2007లో తేలింది.

మరి అనవసరంగా కణాలు చచ్చే జబ్బుల్లో కాస్పేజ్‌లను ఆపేస్తే సరిపోదా? కాలేయ జబ్బుకి ఎమ్రికాసాన్ అనే మందుతో అదే ప్రయత్నించారు, ఆశించిన ఫలితం రాలేదు. కాస్పేజ్-8 అనే ఇంకో కాస్పేజ్ ఆగితే కణం ఆర్ఐపీకే3, ఎంఎల్‌కేఎల్ అనే ప్రొటీన్ల దారి పట్టగలదు. ఆ దారిలో కణం పొర చిల్లులుపడి లోపలిదంతా బయటికొస్తుంది, చుట్టూ వాపు వస్తుంది. ఇప్పుడు ఆ దారి పట్టించే ఆర్ఐపీకే1 అనే ప్రొటీన్ను ఆపే మందుల మీద పరీక్షలు జరుగుతున్నాయి.