పాత బడికి తాళం ఎప్పుడు పడింది?

వేసవి సెలవులు ముగిసే వేళకు ఏటా ఇదే గొడవ. నగరం నడిబొడ్డున, ఇరుకు సందుల మధ్య ఉన్న ఏదో ఒక ఎయిడెడ్ (ప్రైవేటు యాజమాన్యంలో ప్రభుత్వ గ్రాంటుతో నడిచే) హైస్కూలును ఈసారి తెరుస్తారా, తెరవరా? స్థలం ఎవరికో లీజుకిస్తున్నారట, నిజమేనా? తాళం వేసిన గేటు ఫొటో ఒకటి పూర్వ విద్యార్థుల వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది. దాని కింద జ్ఞాపకాలు పోటెత్తుతాయి. రెండో రోజుకల్లా జ్ఞాపకాలు పోయి తగువు మిగులుతుంది. బడిని ఎవరు మూయించారు? 2021లో ఈ బడులను తనలో విలీనం చేసుకునే జీవోలు తెచ్చిన ప్రభుత్వమే అని కొందరు, స్థలం మీద కన్నేసిన బడి యాజమాన్య కమిటీవాళ్లే అని ఇంకొందరు, కాన్వెంటు మోజులో పడ్డ మనమే అని మరికొందరు అంటారు.

ఆంధ్రప్రదేశ్‌లో ఈ బడులు ఎలా పుట్టాయో ఇక్కడ విస్తరించి చెప్పను. 1843లో బందరులో రాబర్ట్ నోబుల్ పెట్టిన బడి, 1874లో ధవళేశ్వరంలో కందుకూరి వీరేశలింగం తెరిచిన బాలికల పాఠశాల, 1875 నాటి నెల్లూరు వి.ఆర్. హైస్కూలు, ఈ వరుస చాలామందికి తెలిసిందే. దాత స్థలమిచ్చాడు, ఊరు చందా వేసుకుంది, 1854 నాటి బ్రిటిష్ విద్యా విధాన పత్రం వుడ్స్ డిస్పాచ్ వేసిన దారిలో సర్కారు గ్రాంటు ఇచ్చింది. యాజమాన్యం ప్రైవేటుది, టీచరు జీతం ప్రభుత్వానిది, పిల్లలు ఆ పేటవాళ్లు. ముఠా కూలీ కొడుకూ, బట్టల కొట్టు యజమాని కొడుకూ ఒకే బెంచీ మీద కూర్చున్నారంటే ఆ ఏర్పాటు వల్లే.

నా లెక్కలో అసలు సంగతంతా 2004 అక్టోబరులో ఉంది.

ఆ నెలలో అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఎయిడెడ్ విద్యాసంస్థల్లో ఖాళీ పోస్టుల భర్తీని ఆపేస్తూ ఒక మెమో ఇచ్చింది. అంతకుముందు ఎయిడెడ్ పోస్టుల్లో నియామకాలు 1982 నాటి విద్యా చట్టం కింద, 1994 జనవరి 1న వచ్చిన జీవో నంబరు 1లోని నిబంధనల ప్రకారం జరిగేవి. టీచరు రిటైరైతే కరెస్పాండెంటు డీఈఓకు, అంటే జిల్లా విద్యాధికారికి, రాసేవారు, అనుమతి వచ్చేది, సెలెక్షన్ కమిటీ కూర్చునేది, కొత్త మాస్టారు వచ్చేవారు. మెమోతో ఆ దారి మూసుకుపోయింది. ఉన్న టీచర్లకు జీతాలు ఆగలేదు, బడి గుర్తింపు పోలేదు, గేటుకు తాళమూ పడలేదు. అందుకే ఆ రోజు ఎవరూ రోడ్డెక్కలేదు. పేపర్లో వచ్చి ఉంటే లోపలి పేజీల్లో వచ్చి ఉంటుంది.

దాని ఫలితం ఏమిటో తెలియాలంటే పూర్వ విద్యార్థుల జ్ఞాపకాలను బ్యాచ్‌ల వరుసలో చదవాలి. మా బడి గ్రూపులో గత కొన్ని నెలలుగా నేను చేసిన పని అదే. మా బడి కూడా అలాంటి పాత పేటలోదే, పేరు ఇక్కడ అనవసరం. 1980లలో చదివినవాళ్లు రాసినవాటిలో ప్రతి మాస్టారూ ఉంటారు. గ్రీజు మరక పడ్డ నిక్కరుతో ప్రేయర్‌కి వస్తే వరుసలోంచి బయటికి పిలిచే డ్రిల్ మాస్టారు. కుంచె కడిగిన నీళ్లు కాలవలోనే పోయాలని పట్టుబట్టే డ్రాయింగు మాస్టారు. సంధులు చెప్పమని మెట్ల మీద ఆపేసే తెలుగు పండితులు. మా లెక్కల మాస్టారి గురించైతే ఇరవై బ్యాచ్‌లవాళ్లు ఒకే మాట రాశారు. ఆయన బోర్డు మీద ఒక్క ఊపులో వృత్తం గీసేవారు. గీశాక రెండడుగులు వెనక్కి వచ్చి, దాన్ని ఒకసారి చూసి, మళ్లీ ముందుకెళ్లి సరిగ్గా నడిమధ్యన చుక్క పెట్టేవారు. క్లాసంతా ఊపిరి బిగబట్టి ఆ చుక్క కోసం చూసేది. కాంపాసు ఆయన చేతిలో ఎవరూ చూడలేదు.

2004 తర్వాతి బ్యాచ్‌లకు వచ్చేసరికి డ్రాయింగు మాస్టారి ప్రస్తావన ఉండదు. ఇంకొంచెం ముందుకెళితే డ్రిల్ మాస్టారు కనబడరు. తర్వాత హిందీ టీచరు. 2006 నుంచి లెక్కల మాస్టారు లేరు, ఆ ఏడు వేసవిలోనే ఆయన రిటైరయ్యారు. ఆ తర్వాతివాళ్లు ఏం గుర్తు చేసుకుంటారో చూడండి: "మాకు రోజూ రెండు లీజర్ పీరియడ్లు ఉండేవి, వెనక గ్రౌండ్‌లో క్రికెట్టే క్రికెట్టు." సంబరంగా, నవ్వు బొమ్మలు పెట్టి మరీ రాసుకున్నారు. వాళ్ల బాల్యం వాళ్లకు తీపి, దాన్ని తప్పు పట్టలేం. కానీ ఆ లీజర్ పీరియడ్ ఒక ఖాళీ పోస్టని అప్పుడు వాళ్లకు ఎవరూ చెప్పలేదు. లెక్కలు రాక పదో తరగతి తప్పినవాడు అది తన తప్పే అనుకుని ఇన్నేళ్లు బతికాడు. గ్రూపులో ఒకతను ఆ మాట రాసి, ఐదు నిమిషాల్లో తీసేశాడు. నేను చూసేశాను.

పోయిన ఏడాది నలుగురైదుగురం బడికి వెళ్లినప్పుడు ఆఫీసు బీరువాలోని టీచర్ల హాజరు పట్టీలు చూపించారు. 1991 నాటి పట్టీలో పేజీ కిందిదాకా సంతకాలే. కొందరివి పొడి అక్షరాలు, కొందరివి పూర్తి పేరు. తెలుగు పండితులు మాత్రం తెలుగులోనే చేసేవారు. చివరి పట్టీల్లో ఒకటి తీస్తే అదే సైజు పేజీ, అవే గీతలు, పైన నాలుగు పేర్లు, కిందంతా తెలుపు. సీరియల్ నంబర్లు మాత్రం ఎవరో ఇరవై రెండు దాకా ముందే వేసి పెట్టారు.

టీచరు లేకపోతే తల్లిదండ్రులు ఏం చేస్తారు? స్తోమత ఉన్నవాళ్లు పిల్లల్ని పక్క వీధిలోని ఇంగ్లీషు మీడియం బడికి మార్చారు. లేనివాళ్లు ఉండిపోయారు. బడిలో వండి పెట్టే మధ్యాహ్న భోజనం కూడా ఆ ఇళ్లకు చిన్న విషయం కాదు. పిల్లల సంఖ్య తగ్గింది. తగ్గింది కాబట్టి పోస్టులు ఎక్కువున్నాయని లెక్క తేలింది, మిగులు టీచర్లని సర్దుబాటు చేశారు. ఇంకొకరు వెళ్లిపోయారు. పిల్లలు మరికొంత తగ్గారు. మోజు వల్ల బడి పోయిందనే వాదన నాకు మింగుడుపడనిది అందుకే. లెక్కల మాస్టారు లేని బడి నుంచి బిడ్డను తీసుకెళ్లిన తల్లిది మోజు ఎలా అవుతుంది?

ప్రభుత్వం వైపు మాటా ఉంది. ఎయిడెడ్ పోస్టులు డబ్బుకు అమ్ముకుంటున్నారన్న ఆరోపణలు అప్పటికే ఉన్నాయి. జీతాల భారం పెరుగుతోంది, ప్రభుత్వ బడులే ఖాళీ అవుతుంటే ప్రైవేటు యాజమాన్యాలకు గ్రాంటెందుకన్న ప్రశ్న అధికారులు వేశారు. అమ్మకాల ఆరోపణల్లో నిజం లేదని నేను అనను. అయితే నియామకాల్లో అక్రమాలుంటే నియామక పద్ధతి మార్చాలి, పరీక్ష పెట్టాలి. భర్తీయే ఆపేస్తే శిక్ష పడింది లంచం తీసుకున్నవాడికి కాదు, ఆరో తరగతి పిల్లాడికి. ఆ తర్వాత పార్టీలు మారాయి, రాష్ట్రమే రెండైంది. ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన ఏ ప్రభుత్వమూ ఆ తలుపు పూర్తిగా తీయలేదు. కొన్ని యాజమాన్యాలు హైకోర్టుకెళ్లి అనుమతులు తెచ్చుకున్నాయి. కోర్టు ఖర్చు పెట్టుకోలేని చిన్న బడులు చూస్తూ ఉండిపోయాయి.

ఇక 2021. ఈ భాగం అందరికీ గుర్తుంది కాబట్టి నేటి తగువుకు పనికొచ్చేంత మేరకే చెబుతాను. కోవిడ్ తర్వాత ఆగస్టు 16న బడులు తెరిచారు. అదే నెలలో ఎయిడెడ్ సంస్థలపై ప్రభుత్వ ఉత్తర్వులు వచ్చాయి, విద్యా చట్టాన్ని సవరిస్తూ ఆర్డినెన్సు కూడా వచ్చింది. యాజమాన్యాల ముందు పెట్టిన దారులు ప్రధానంగా రెండు: ఆస్తులు, సిబ్బంది మొత్తం ప్రభుత్వానికి అప్పగించడం, లేదా ఎయిడెడ్ సిబ్బందిని వదులుకుని సొంత ఖర్చుతో ప్రైవేటు బడిగా నడుపుకోవడం. చాలా కమిటీలు రెండో దారికి మొగ్గాయి. టీచర్లు ప్రభుత్వ బడులకు వెళ్లిపోయారు, భవనాలు కమిటీల చేతిలో మిగిలాయి. విద్యా సంవత్సరం నడుస్తుండగా పిల్లలకు టీసీలు ఇచ్చి వేరే బడి చూసుకోమన్నారు. విశాఖ జ్ఞానాపురంలో తల్లిదండ్రులు రోడ్డు మీద బైఠాయించారు. నవంబరు 8న అనంతపురంలో ఎయిడెడ్ కాలేజీ విద్యార్థుల మీద లాఠీలు లేచాయి. నాలుగు రోజుల తర్వాత, నవంబరు 12న, ప్రభుత్వం కొత్త మెమో ఇచ్చింది. ఎవరినీ బలవంతం చేయబోమని, ఎయిడెడ్‌గానే కొనసాగవచ్చని, ముందు ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకోవచ్చని అందులో ఉంది.

మా బడి కమిటీ కూడా సిబ్బందిని వదులుకుంటామని రాసిచ్చింది. కమిటీ పెద్దల్లో ఒకాయన వయసు ఎనభై దాటింది, ఆయన తండ్రి కాలం నుంచి ఈ బాధ్యత చూస్తున్నారు. ఆయన మాటలు యథాతథంగా చెప్పడం ధర్మం. "బాబూ, పదిహేడేళ్లు పోస్టు ఇవ్వమని అడిగాం. ఉన్న నలుగుర్నీ పట్టుకుని ఏం చేసేది? పైకప్పు కారుతోంది. గ్రాంటు జీతాలకే గానీ పెంకులకు రాదు కదా." ఆయన అబద్ధం చెప్పడం లేదు. ఆయన్ను కోప్పడలేక తిరిగి వచ్చాను. కానీ సమ్మతి వెనక్కి తీసుకునే అవకాశం వచ్చినప్పుడు ఎందుకు తీసుకోలేదని అడిగితే మాత్రం ఆయన జవాబు చెప్పలేదు, పక్కనున్న కుర్ర సభ్యుడు చెప్పాడు: "ఈ సెంటర్లో గజం ఎంతుందో మీకు తెలియదా అన్నా?"

ఇప్పటి తగువంతా ఆ గజం దగ్గరే ఉంది. కమిటీ అంటున్నది స్థలం బడిని నడిపే సొసైటీ పేరున ఉందని, బడి నడపలేనప్పుడు వేరే ఆదాయం చూసుకునే హక్కు తమకుందని. కొందరైతే వచ్చిన అద్దెతో ఊరి బయట కొత్త బడి కడతామంటున్నారు. పూర్వ విద్యార్థులు, రిటైరైన మాస్టార్లు చెప్పేది వేరు. స్థలం ఇచ్చిన కుటుంబం కమిటీకి ఇవ్వలేదు, బడికిచ్చింది. దాన కాగితంలో విద్య కోసం అని ఉంటే అది ధర్మాదాయం ఆస్తి, ఇప్పుడున్న సభ్యులు కాపలాదారులు మాత్రమే. ఊరి బయట కట్టే బడికి ముఠా కూలీ పిల్లలు ఏ బస్సెక్కి వెళతారు?

నాకు ఈ రెండో మాటే న్యాయంగా కనిపిస్తోంది. చట్టంలో దానికి చోటు లేకపోలేదు. సొసైటీ గొడవలను 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 23వ సెక్షన్ కింద జిల్లా కోర్టుకు తీసుకెళ్లవచ్చు, కానీ అది సభ్యులకే. మనలో ఎవరికీ సభ్యత్వం లేదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 92వ సెక్షన్ దారి వేరు. ప్రజోపకార ట్రస్టు దారి తప్పుతోందని అనిపిస్తే, అందులో ప్రయోజనం ఉన్న ఇద్దరు, లేదా అంతకు మించి, కోర్టు అనుమతితో దావా వేయవచ్చు. అక్కడ చదువుకున్న జ్ఞాపకం ఒక్కటే ఆ ప్రయోజనం కిందికి వస్తుందా అన్నది కోర్టు తేల్చాలి. ముందు దాన కాగితంలో రాసిన మాటలు మన చేతిలో ఉండాలి.

ఒక ఉదాహరణ ఈ మధ్య అందరి నోటా వినబడుతోంది. నెల్లూరు వి.ఆర్. హైస్కూలు కూడా మూతపడింది. 2025 జులైలో మునిసిపల్ బడిగా, పూర్తిగా బాగు చేసిన భవనంలో మళ్లీ తెరుచుకుంది. మాజీ ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు చదివిన బడి అది. తాళం పడ్డ బడి తిరిగి తెరుచుకోగలదని అది చూపించింది, నాకూ సంతోషమే. అయితే వి.ఆర్. బడి కోసం నిలబడ్డవారి పలుకుబడి మా బడికి లేదు. మా పాత విద్యార్థుల్లో ఆటో నడిపేవాళ్లున్నారు, బియ్యం కొట్లు, జిరాక్స్ సెంటర్లు పెట్టుకున్నవాళ్లున్నారు, ఇద్దరు ముగ్గురు గుమాస్తాలు, ఒక నర్సు ఉన్నారు. మాకోసం ఫోను చేసే మంత్రి లేడు.

మొన్న ఆదివారం పదకొండు మందిమి బడి ముందు అరుగు మీద కూర్చున్నాం. లెక్కల మాస్టారు కూడా వచ్చారు, చేతికర్రతో. ఎవరో కాగితం ఇస్తే దాని మీద స్థలం కొలతలు గుర్తున్నంత మేర గీసి చూపించారు: వీధి వైపు గోడ, వెనక గ్రౌండ్, బావి ఉన్న మూల. దాన కాగితం సర్టిఫైడ్ కాపీ కోసం సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దరఖాస్తు పెట్టాలని అనుకున్నాం. డాక్యుమెంటు నంబరు ఎవరికీ తెలియదు, ఏ సంవత్సరమో కూడా సరిగ్గా తెలియదు. పాత ఇండెక్సు పుస్తకాలు ఏడాదికేడాది వెతకాలి. ఆ పని చేయడానికి 2009 బ్యాచ్ కుర్రాడొకడు ముందుకొచ్చాడు, గ్రూపులో ఆ మెసేజ్ పెట్టి తీసేసినవాడు. సోమవారం సెలవు పెట్టుకుంటానన్నాడు.