నక్కను నిలబెట్టాలంటే ముందు మడమ వెతకాలి

కుక్క వెనక కాలు గీసేటప్పుడు చాలామంది దాని మోకాలు వెనక్కి వంగి ఉందనుకుంటారు. అలా వెనక్కి కనిపించేది మోకాలు కాదు, మడమ. కుక్క, పిల్లి, నక్క మునివేళ్ల మీద నడుస్తాయి కాబట్టి వాటి మడమ నడకలో నేలకి ఆనదు. అసలు మోకాలు ఇంకా పైన, పొట్టకి దగ్గరగా చర్మపు మడతలో సగం దాగి ఉంటుంది. వంగడం మాత్రం మన మోకాల్లాగే వంగుతుంది. గుర్రం ఇంకో మెట్టు పైకెళ్లి గోటి మీదే నిలబడుతుంది. దాని ముందు కాలికి ‘మోకాలు’ అని మనం అనేది నిజానికి మణికట్టు. ఎలుగుబంటిది మన దారే, అరికాలు మొత్తం ఆనిస్తుంది.

మనుషుల్లా నిలబడి, బట్టలేసుకుని మాట్లాడే జంతు పాత్రల కొలతలు ఎక్కువగా చెడేది ఈ కాళ్ల దగ్గరే. ఎముకల జాబితా చూస్తే మనకీ నక్కకీ పెద్ద తేడా ఉండదు. పొడవులు, కీళ్ల దగ్గర కోణాలు వేరు, అంతే. అందుకే జంతువు తల తెచ్చి మనిషి ఒంటి మీద అతికించే కన్నా, ఏ ఎముక ఎక్కడిదో గుర్తుపట్టి సాగదీయడమో కుదించడమో చేస్తే బొమ్మ నమ్మేలా వస్తుంది.

మొదట తేల్చుకోవాల్సింది పాత్ర అరికాలు ఆనిస్తుందా, మునివేళ్ల మీద నిలబడుతుందా అన్నది. బూట్లు తొడిగే పాత్రకి మొదటిదే మేలు. మనిషి కాలే వేసి పాదం కాస్త వెడల్పు చేస్తే సరిపోతుంది. మునివేళ్ల కాలికి మాత్రం లెక్క కావాలి. పాత్ర ఎత్తు ఏడు తలలు, అంటే దాని తల ఎత్తుకి ఏడు రెట్లు అనుకుందాం. తుంటి కీలు అందులో సగం ఎత్తున, అంటే మూడున్నర తలల దగ్గర ఉంటుంది. తొడకి ఒకటిన్నర తల, మోకాలి నుంచి మడమ దాకా ఒకటిన్నర, మడమ నుంచి వేళ్ల మొదలు దాకా ఒక తల పొడవు ఇవ్వండి. నిలువు గీతకి తొడని ముందుకి 30 డిగ్రీలు, పిక్కని వెనక్కి 40, చివరి ముక్కని మళ్లీ ముందుకి 15 డిగ్రీలు వాల్చండి. వేళ్ల మొదలు దాదాపు తుంటికి సరిగ్గా కిందే పడుతుంది. ఇవే కోణాలు ఉండాలని లేదు. ముందుకి పోయినంతా వెనక్కి రావాలి, అదీ షరతు. పిక్క వాలు ఒక్కటే పెంచి తక్కినవి వదిలేస్తే పాదం వెనక్కి జారి, పాత్ర బోర్లా పడబోతున్నట్టు ఉంటుంది.

పై మూడు ముక్కలూ కలిపితే నాలుగు తలల పొడవు, కానీ వంపుల వల్ల ఎత్తు మూడున్నర లోపే వచ్చింది. అంటే పొడవులో 85 శాతమే ఎత్తుగా మారింది. మనిషి కాలిని అదే పొడవుతో వంచితే పాత్ర కుంగిపోయేది ఇందుకే. దీనికి ఎదురు తప్పు కూడా ఉంది. మనిషి తొడ, పిక్క రెండేసి తలల చొప్పున అలాగే ఉంచి, కింద మూడో ముక్క తగిలిస్తారు. అప్పుడు నక్కకి కొంగ కాళ్లు వస్తాయి.

నిలబడ్డ మనిషి గరిమనాభి, అంటే ఒంటి బరువంతా కేంద్రీకరించినట్టుండే బిందువు, దాదాపు నడుము కింది భాగంలో, ఎత్తులో 55 శాతం దగ్గర ఉంటుంది. అక్కడి నుంచి దించిన నిలువు గీత పాదాల మధ్య పడితేనే బొమ్మ నిలబడినట్టు అనిపిస్తుంది. మునివేళ్ల పాత్రకి ఆనుకునే చోటు చిన్నది కాబట్టి పంజాలు కొంచెం పెద్దవిగా వేయడం మంచిది. తోక కూడా ఇక్కడ సాయానికొస్తుంది. ఒళ్లు ముందుకి వాలితే తోక వెనక్కి చాచాలి. తోక వెన్నెముకకి కొనసాగింపు గనక పిరుదుల చీలిక పై అంచు దగ్గర మొదలవుతుంది. నడుము మధ్యలోంచి మొలిపిస్తే అతికించినట్టే ఉంటుంది.

ఇప్పటిదాకా ‘తల’ని కొలతగా వాడాం గానీ, జంతువు విషయంలో అది జారిపోయే కొలత. చెవులు కలిపితే కుందేలు తల రెట్టింపవుతుంది. మూతి దించితే గడ్డం కిందికి పోతుంది. కాబట్టి చెవులూ మూతీ వదిలేసి మెదడు ఉండే గోళాన్నే కొలతగా పెట్టుకోవాలి. ఆ గోళం మనిషి తలలో సుమారు మూడింట రెండొంతులు. కాబట్టి ఏడున్నర తలల మనిషి దాదాపు 11 గోళాల ఎత్తు. పాత్ర ఎటు తిరిగినా గోళం మారదు. మూతిని దాని కింది సగానికి పెట్టెలా తగిలించాలి. దవడ కీలు కంటికి వెనక, చెవి రంధ్రానికి కాస్త ముందు ఉంటుంది, కాబట్టి చెవుల్ని నుదుటి మీదికి లాగకూడదు.

మెడ దగ్గర ఇంకో మెలిక. వెన్నుపాము బయటికొచ్చే రంధ్రం మనిషికి పుర్రె అడుగున, నాలుగు కాళ్ల జంతువులకి పుర్రె వెనక వైపు ఉంటుంది. జంతువు తలని మనిషి మెడ మీద నిటారుగా కూర్చోబెడితే మూతి ఆకాశం చూస్తుంది, లేదా గొంతు దగ్గర మెడ విరిగినట్టు ఉంటుంది. మెడ భుజాల మధ్య నుంచి ముందుకి వాలుగా వచ్చి తలని వెనక నుంచి పట్టుకోవాలి. ప్రాచీన ఈజిప్టు చిత్రకారులు నక్క తల దేవుడు అనూబిస్‌కి పొడవాటి విగ్గు పెట్టి ఈ అతుకుని దాచేశారు. గడుసు ఉపాయమే, జూలుతోనో కండువాతోనో ఇప్పుడూ పనిచేస్తుంది. జిరాఫీకి కూడా మెడలో మనలాగే ఏడే వెన్నుపూసలు. దాని మెడని పాములా మెలితిప్పితే తప్పు. హంసకి 20కి పైగా ఉంటాయి, దానికి ఎన్ని వంపులైనా చెల్లుతాయి.

భుజాల్లో తేడా కాలర్‌ బోన్‌ది. కుక్కకి అది ఉన్నా నామమాత్రమే, పిల్లికి ఏ ఎముకనీ అంటని చిన్న ముక్క. అందుకే వాటి ఛాతీ ఇరుకుగా, లోతుగా ఉంటుంది, రెక్క ఎముకలు (భుజం వెనక ఉండే పలక ఎముకలు) పక్కల్ని అంటుకుని ఉంటాయి. చేతులు పక్కకి చాచి కౌగిలించుకునే, కత్తి తిప్పే పాత్రకి మనిషి భుజాలే ఇవ్వక తప్పదు: వెడల్పు సుమారు రెండు తలలు. జంతుత్వం ఎక్కువ కావాలంటే ఒకటిన్నరకి తగ్గించి భుజాల్ని కాస్త ముందుకి దించండి. బొచ్చు అన్నిటికన్నా చివర. ఒళ్లు పూర్తిగా గీశాక బుగ్గలు, మెడ, మోచేతి వెనక, తొడల దగ్గర ఒత్తుగా వేస్తే చాలు.

ఎన్ని తలల ఎత్తు అన్నది వయసునీ చెబుతుంది. పుట్టిన బిడ్డ పొడవులో తల నాలుగో వంతు. పెద్ద తల, కిందికి దిగిన పెద్ద కళ్లు, ఉబ్బిన బుగ్గలు మనలో లాలన పుట్టిస్తాయని జంతు ప్రవర్తన శాస్త్రవేత్త కొన్రాడ్ లోరెంజ్ 1943లో ప్రతిపాదించారు. మిక్కీ మౌస్ రూపం దశాబ్దాలు గడిచేకొద్దీ పసితనం వైపే జరిగిందని జీవశాస్త్రవేత్త స్టీఫెన్ జే గూల్డ్ 1979లో కొలిచి చూపించారు. ముద్దొచ్చే పాత్రకి మూడు నాలుగు తలలు చాలు. కానీ ఆ ఎత్తులో పై కాలి లెక్క యథాతథంగా నడవదు. అంత పొట్టి కాలిలో మూడు వంపులు ఇరికిస్తే గందరగోళమే, అరికాలు ఆనించేయడం మంచిది.

ఎలుకా ఏనుగూ ఒకే బొమ్మలో ఉంటే 1638లో గెలీలియో వివరించిన సంగతి గుర్తుకు రావాలి. అన్ని కొలతలూ రెట్టింపైతే బరువు ఎనిమిది రెట్లవుతుంది, ఎముక అడ్డుకోత వైశాల్యం నాలుగు రెట్లే పెరుగుతుంది. ఎలుక కాళ్లని అలాగే పెద్దవి చేసి ఏనుగుకి పెడితే పాత్ర బోలుగా, గాలి నింపినట్టు కనిపిస్తుంది. ఏనుగు కాలు ఎత్తుతో పోలిస్తే లావుగా, మోకాలి దగ్గర దాదాపు నిటారుగా ఉండాలి. ఎలుక కాలు సన్నగా, బాగా మడిచి ఉండాలి. రెంటినీ పక్కపక్కన నల్లటి నీడల్లా నింపి చూడండి. ఏది బరువైనదో కాళ్లు చూసే చెప్పగలిగితే కొలతలు కుదిరినట్టే.