అమ్మమ్మ చేతికి అందే స్పీకర్

చిరంజీవులకు ఆశీస్సులు.

చూపు మందగించిన అమ్మమ్మకో తాతయ్యకో చిన్న బ్లూటూత్ స్పీకర్ కొనివ్వాలని మీలో చాలామందికి ఉంటుంది. మంచి ఆలోచన. కానీ చాలా ఇళ్లలో మనవడు వచ్చి ఫోనుకు కలిపి వెళ్తాడు, రెండ్రోజులు పాటలు మోగుతాయి, అతను హాస్టలుకు తిరిగి వెళ్లగానే స్పీకర్ అలమరలోకి చేరుతుంది. ఆన్ చేయడం, ఫోనుకు కలపడం, ఛార్జింగ్ పెట్టడం ఇవేవీ ఆవిడ ఒక్కతే చేసుకునేలా అమర్చకపోవడమే దానికి కారణం. ఆ అమరిక ఎలా చేయాలో, అసలు అంత చిన్న డబ్బాలోంచి ఎలాంటి ధ్వని వస్తుందో రాస్తున్నాను.

ముందు ధ్వని సంగతి. అరచేతిలో పట్టే స్పీకర్లో కోను, అంటే ఊగి ధ్వని పుట్టించే పొర, 4, 5 సెంటీమీటర్లే ఉంటుంది. కింది స్వరాలు పుట్టాలంటే గాలిని బాగా కదపాలి, అది దాని వల్ల కాదు. జేబీఎల్ గో 3 తీసుకోండి. అది పలికే పరిధి 110 నుంచి 20,000 హెర్ట్జ్ (సెకనుకు అన్ని కంపనాలు) అని కంపెనీ వివరాల్లో ఉంటుంది. ఇప్పుడు ఒకటో శృతిలో పాడే మగ గొంతుకు తంబురా తీగలు లెక్కేయండి. పంచమం 98 హెర్ట్జ్, సారణి, అనుసారణి అనే నడిమి రెండు తీగలూ 131, కింది 'స' అయిన మంద్ర షడ్జం 65. నాలుగు తీగల్లో రెండు ఆ పరిధికి కిందే ఉన్నాయి. అయినా తంబురా వినిపిస్తూనే ఉంటుంది! 65 మోగకపోయినా దానికి రెట్లుగా కలిసి పలికే అనుస్వరాలైన 131, 196, 262 మోగుతాయి. వాటి మధ్య ఎడాన్ని పట్టుకుని మెదడే ఆ షడ్జాన్ని పూరించుకుంటుంది. అందుకని శృతి తెలుస్తుంది గానీ ఆ నిండుదనం రాదు. మృదంగంలో తొప్పి, అంటే ఎడమవైపు, దెబ్బకూ ఇదే గతి, గుమికీ అనే ఆ గుమ్మని మోగే నాదం పలచబడిపోతుంది. కొన్ని స్పీకర్లకు పక్కనో వెనకో పాసివ్ రేడియేటర్ అనే పొర ఉంటుంది. లోపలి గాలి ఒత్తిడికి అది ఊగి కింది స్వరాలకు కాస్త బలం ఇస్తుంది. ఆ వైపును గోడకు ఆనించి మూసేయకండి.

వాల్యూమ్ చివరిదాకా పెంచితే కోను దెబ్బతినకుండా చాలా స్పీకర్లలో లోపలి సర్క్యూటే కింది స్వరాలను కోసేస్తుంది. అప్పుడు పాట కీచుగా వస్తుంది. ముప్పావు దగ్గర ఆపి స్పీకర్‌నే దగ్గరికి జరపండి. ఆరుబయట దూరం సగమైతే ధ్వని 6 డెసిబెల్స్ పెరుగుతుంది. గదిలో గోడల ప్రతిధ్వని కలవడం వల్ల అంత పెరగదు గానీ తేడా బాగానే తెలుస్తుంది.

పెద్దవాళ్లకు బేస్ (కింది స్వరాల బలం) కన్నా మాట స్పష్టంగా ఉండడం ముఖ్యమని నా గట్టి అభిప్రాయం. వాళ్లు ఎక్కువగా వినేవి వార్తలు, ప్రవచనాలు, చదివి వినిపించే కథలు. వయసు మీదపడితే ముందు తగ్గేది పైస్థాయి, అంటే సన్నని ధ్వనుల, వినికిడి. హల్లుల్ని విడదీసి చెప్పే ధ్వనులు ఎక్కువగా 2,000 నుంచి 4,000 హెర్ట్జ్ ప్రాంతంలో ఉంటాయి. అచ్చుల బలమంతా దానికి కింద ఉంటుంది. కాబట్టి గొంతు వినిపిస్తుంది, అది 'పాలు' అన్నదా 'కాలు' అన్నదా 'తాలు' అన్నదా తేలదు. "వినబడుతోంది గానీ తెలియట్లేదురా" అని వాళ్లు అనేది ఇందుకే. అప్పుడు వాల్యూమ్ పెంచితే లాభం లేదు. ఫోనులో ఈక్వలైజర్ (ఏ స్థాయి ధ్వని ఎంత మోగాలో సర్దే మీటలు) ఉంటే బేస్ మీటను కాస్త దించి, 2, 4 కిలోహెర్ట్జ్ మీటల్ని 3 డెసిబెల్స్ పైకి జరపండి.

పైస్థాయి ధ్వని టార్చి వెలుగులా తిన్నగా పోతుంది. అందుకని జాలీ ఉన్న ముఖం వినే మనిషి వైపు తిరిగి ఉండాలి. పరుపు మీద పడేస్తే మాట ముద్దముద్దగా వస్తుంది. అలమర మూలకు నెడితే బొంగురుపోతుంది, ఇనప బీరువా మీద పెడితే రేకు గరగరమంటుంది. స్టూలు మీద తువ్వాలు నాలుగు మడతలు వేసి, కూర్చున్నవాళ్ల చెవి ఎత్తుకు, ఒక మీటరు దూరంలో పెట్టండి. పొంతన లేని పది మాటలు ఫోనులో రికార్డు చేసి వినిపించి, తిరిగి చెప్పమనండి. ఎన్ని తప్పుతున్నాయో చూసుకుంటూ స్పీకర్ చోటు మార్చండి.

ఇక బటన్లు. దుకాణంలో కళ్లు మూసుకుని స్పీకర్‌ను తడమండి. ఉబ్బెత్తుగా, ఒకదానికొకటి ఎడంగా ఉన్న బటన్లే కావాలి. టచ్ రకం వద్దు, దాని మీద తడిమితే నొక్కినట్టే లెక్క. యాప్ లేనిదే కదలని స్పీకర్ కూడా వద్దు. కొన్ని యాప్‌లలో బటన్లకు పేర్లు పెట్టరు, టాక్‌బ్యాక్ (ఆండ్రాయిడ్ ఫోను తెర మీద ఉన్నదాన్ని పైకి చదివి వినిపించే సదుపాయం) ఒక్కో దాని దగ్గరా "బటన్" అని మాత్రం చదువుతుంది. ఛార్జింగ్‌కు టైప్-సి ఉంటే ఎటు తిప్పి గుచ్చినా దూరుతుంది. పాత మైక్రో యూఎస్‌బీ అయితే ప్లగ్గు పైవైపున ఒక గుర్తు అంటించాలి.

గుర్తుకు రాయి పొదిగిన బొట్టుబిళ్ల చక్కగా పనికొస్తుంది. పవర్ బటన్ మీద ఒకటి పెట్టండి. బ్లూటూత్ బటన్‌కు బొట్టుబిళ్ల కాకుండా ఆవగింజంత ఎం-సీల్ ముద్ద అద్దండి, వేలికి రెండూ వేరువేరుగా తెలుస్తాయి. చెమటకు బిళ్ల ఊడితే పవర్ బటన్‌కూ ఎం-సీలే, కాకపోతే చిన్న గీతలా. స్పీకర్ మీద ఈ రెండింటికీ తప్ప మరి దేనికీ గుర్తులు పెట్టకండి. మైకు రంధ్రం మూసుకుపోకుండా చూడండి.

ఫోనుకు కలిపే పని ఆవిడ చేతే చేయించండి. ఆండ్రాయిడ్‌లో టాక్‌బ్యాక్ షార్ట్‌కట్ ముందే పెట్టి ఉంచితే, రెండు వాల్యూమ్ బటన్లూ కలిపి 3 సెకన్లు నొక్కితే టాక్‌బ్యాక్ పలుకుతుంది. స్పీకర్ ఆన్ చేసి, బ్లూటూత్ బటన్‌ను టింగుమనేదాకా నొక్కి ఉంచమనండి. ఫోను సెట్టింగ్స్‌లో కొత్త డివైజ్ జతచేసే చోటికి వెళ్లి, స్పీకర్ పేరు వినిపించేదాకా ఒక వేలితో ఎడమ నుంచి కుడికి తోస్తూ పోవాలి. పేరు వినగానే రెండుసార్లు తట్టాలి. అనుమతి అడిగితే అక్కడా అంతే. ఇది మొదటిసారికే, తర్వాత స్పీకర్ ఆన్ చేస్తే చాలు, తనంతట తనే కలుస్తుంది.

కలవకపోతే దోషం చాలాసార్లు మీ జేబులోనే ఉంటుంది. మీ ఫోను పక్కగదిలోంచే ఆ స్పీకర్‌ను ముందుగా పట్టేసుకుంటుంది, అమ్మమ్మ ఫోనుకు అది దొరకదు. మీ ఫోను జాబితాలోంచి దాన్ని తీసేయండి.

టాక్‌బ్యాక్ గొంతు కూడా స్పీకర్‌కే పోతుందని గుర్తుంచుకోండి. బ్లూటూత్‌లో ధ్వని కాస్త ఆలస్యంగా చేరుతుంది, పైగా మాట మాటకూ మధ్య స్పీకర్ నిద్రపోయి లేస్తుంటే మొదటి అక్షరం తెగిపోతుంది. 'సెట్టింగ్స్' కాస్తా 'టింగ్స్' అవుతుంది. అందుకని వినాల్సింది ఫోను గొంతుతోనే వెతుక్కుని, మొదలయ్యాక స్పీకర్ ఆన్ చేసుకోవడం అలవాటు చేయండి. ఫోను కాల్ గొంతు స్పీకర్లో మోగకూడదనుకుంటే, బ్లూటూత్ జాబితాలో ఆ స్పీకర్ వివరాలు తెరిచి ఫోన్ కాల్స్ మీట ఆపేసి, మీడియా ఆడియో మీటను ఉంచండి. పాట తెగితెగి వస్తుంటే ఫోను ఎక్కడుందో చూడండి. బ్లూటూత్ వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను ఒంట్లోని నీరు పీల్చుకుంటుంది. ఫోను ఒడిలో, స్పీకర్ వీపు వెనక ఉంటే అలాగే అవుతుంది. కాసేపు ఏమీ మోగకపోతే కొన్ని స్పీకర్లు వాటంతటవే ఆగిపోతాయి. ఈ ముక్క ముందే చెప్పకపోతే పాడైందనుకుంటారు.

ఊరికి బయల్దేరే ముందురోజు స్పీకర్ ఆపేసి, ఛార్జరు తీసేసి, అన్నీ ఆవిడ ముందు పెట్టండి. ఛార్జింగ్ పెట్టడం, ఆన్ చేయడం, తనకిష్టమైనది పెట్టుకుని వినడం, ఆపడం ఆవిడనే చేయనివ్వండి. మీరు చేయి వేయకండి. ఎక్కడ ఆగిపోయారో అక్కడే గుర్తు మార్చి, మళ్లీ మొదటినుంచీ చేయించండి.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న